మబ్బు రాని రోజు కూలి ఎవరిస్తారు?

పాడేరు: కార్తీకం వెళ్లి మార్గశిరం ప్రవేశించిందంటే చాలు, శనివారం సాయంత్రానికి పాడేరులో లాడ్జి గది దొరకడం గగనమవుతున్నది. విశాఖపట్నం, అనకాపల్లి, తుని, రాజమహేంద్రవరం వైపు నుంచి కార్లు, మోటారు సైకిళ్లు, అద్దె వ్యాన్లు ఘాటురోడ్డెక్కి బారులు తీరుతున్నాయి. దిగినవారందరిదీ ఒకటే ప్రశ్న: ‘‘రేపు వంజంగిలో మబ్బు పడుతుందా?’’

ఈ ప్రశ్నకు లాడ్జి గుమాస్తా పడుతుందనే చెబుతాడు. టీ కొట్టు యజమానీ పడుతుందనే చెబుతాడు. పడదంటే గది ఖాళీ అవుతుంది, టీ మిగిలిపోతుంది. నిజం తెలిసి, నిజం చెప్పి, చెప్పినందుకు నష్టపోయేవాడు ఒకడున్నాడు. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి, పట్నం మనుషులను చీకట్లో కొండ ఎక్కించి, ఎండ పొడ వచ్చాక క్షేమంగా దించే ఊరి యువకుడు అతడు. ఫొటోలలో అతడు కనిపించడు. ఫొటో తీసేది అతడే గనుక.

వంజంగి పాడేరు మండలంలోని గిరిజన గ్రామం. పట్టణానికి పది కిలోమీటర్ల లోపే. పాడేరే సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఆ పైన మరికొంత కొండ. 2020కి ముందు ఈ ఊరి పేరు మన్యం దాటి పెద్దగా వినిపించలేదు. తెల్లవారే వేళ కొండ కొమ్ము మీద నిలబడితే కాళ్ల దిగువన లోయ నిండా పాలు పొంగినట్టు మబ్బు పరుచుకొని ఉండడం, దానిలోంచి చుట్టుపక్కల కొండల తలలు మాత్రమే తేలడం చూసినవారు ఫొటోలు తీశారు. అవి సెల్‌ఫోన్లలో ఊరూరా తిరిగాయి. మేఘాల కొండ అని పేరు పడిపోయింది. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి, పాడేరు జిల్లా కేంద్రమైన తరువాత రాకపోకలు మరింత పెరిగాయి.

పొగ చెప్పే జోస్యం

ఈ శీతకాలంలో ఒక శనివారం సాయంత్రం విశాఖపట్నం నుంచి పదహారుమంది బృందం పాడేరు చేరుకొన్నది. అంతా ఒకే వీధివారు. రిటైరైన ఒక హెడ్మాస్టరు, రెండు బ్యాంకు ఉద్యోగుల కుటుంబాలు, ఇంజినీరింగు చదువుతున్న ఆరుగురు కుర్రాళ్లు, పదేళ్ల పాప ఒకతె. వారిని కొండెక్కించడానికి మాట్లాడుకొన్న వ్యక్తికి ముప్పయి అయిదేళ్లుంటాయి. పేరు పత్రికలో వేయవద్దని కోరాడు. అతనికి కొద్దిపాటి కాఫీ తోట ఉన్నది. చెట్లకు మిరియాల తీగ ఎక్కించాడు. నాలుగు శీతకాలాలుగా దారి చూపించే పని చేస్తున్నాడు. తనతో పాటు తమ్ముడి వరసైన మరో కుర్రవాణ్ణి తెచ్చుకొంటాడు.

అతడు వచ్చి ముందుగా చెప్పిన మాట ఎవరికీ రుచించలేదు. ‘‘మాస్టారూ, రేపు మబ్బు నమ్మకం లేదండి. ఊళ్లో పొగ పైకి పోతోంది.’’

పొగకూ మబ్బుకూ ఏమి సంబంధమని కుర్రాళ్లు నవ్వారు. సంబంధం ఉన్నది. అది తెలియడానికి చదువు అవసరం లేదు, చలికాలం సాయంత్రాలు ఊరి చివర నిలబడి చూసిన కళ్లుంటే చాలు. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి లేని రాత్రి నేల తన వేడిని త్వరగా కోల్పోతుంది. నేలను ఆనుకొన్న గాలి చల్లబడి బరువెక్కుతుంది. బరువెక్కిన గాలి వాలు పట్టుకొని జారి లోయలో నిలుస్తుంది. అందులోని తేమ సన్నని బిందువులై తెల్లబడుతుంది. పైనుంచి చూసేవారికి అది మేఘం, లోయలో ఉన్నవారికి పొగమంచు. రెండూ ఒకటే. అటువంటి రాత్రి కింద చలి ఎక్కువ, పైన తక్కువ. మామూలుగా ఎత్తుకు పోయినకొద్దీ చలి పెరగాలి గదా, ఇక్కడ తిరగబడుతుంది. ఆ వెచ్చటి గాలి పొర మూతలాగా కూర్చుంటుంది గనుక పొయ్యి పొగ దానిని దాటి పోలేక ఇళ్ల మీద దుప్పటిలా పక్కకు పరుచుకొంటుంది. పొగ పరుచుకొంటే మబ్బు పడుతుంది. పొగ నిటారుగా లేచిపోయినా, గాలికి చెదిరినా మబ్బుకు ఆశ తక్కువ.

ఆ సాయంత్రం బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్నది. సముద్రం వైపు నుంచి గాలి వీస్తున్నది. ఆకాశాన పైమబ్బు కమ్మింది. పైమబ్బు ఉంటే నేల చల్లబడదు. నేల చల్లబడకపోతే లోయ నిండదు. ఈ సంగతి అతడు తన మాటల్లో చెప్పాడు. ‘‘మీద దుప్పటి కప్పితే కింద చలి పుట్టదండి.’’ వాతావరణ శాస్త్రం చదివినవారు కూడా ఇంతకన్నా తేలికగా చెప్పలేరు.

అయినా గదులకు డబ్బు కట్టేశారు, సెలవు మళ్లీ దొరకదు. వెళ్లి తీరాలన్నారు. సరేనన్నాడు.

చలి గురించి ఒక మాట. మన్యంలో డిసెంబరు, జనవరి రాత్రులు ఉష్ణోగ్రత ఒక అంకెకు దిగడం సర్వసాధారణం. చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం నమోదు చేసే అంకెలు ఆ రోజుల్లో ప్రతి పత్రికలోనూ కనిపిస్తాయి. లంబసింగికి కొర్రబయలు అని మరో పేరున్నది. రాత్రి ఆరుబయట ఉండిపోయిన వాడు తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఇంత తెలిసీ పట్నం నుంచి వచ్చేవారిలో సగం మంది పల్చటి చొక్కాలతో, జారుడు చెప్పులతో వస్తున్నారు. ఫొటోలో బాగుండాలి గదా.

నడవలేని వారు ముందు

మూడున్నరకు వ్యాను బయలుదేరింది. బండ్లు ఆగే చోట అప్పటికే వందల మంది. టార్చి దీపాలు, సెల్‌ఫోన్ పాటలు, ఎవరి పేర్లో పెట్టిన కేకలు. తిరునాళ్ల మాదిరి ఉన్నది. నడక మొదలుపెట్టే ముందు గైడు తన బృందాన్ని పక్కకు తీసి నిలబెట్టాడు. నీళ్ల సీసాలు ఎన్నో లెక్కపెట్టాడు. ఇరవై రెండు. బిస్కట్ పొట్లాలు, చిప్సు పొట్లాలు కూడా లెక్కపెట్టి చిన్న చీటీ మీద రాసుకొన్నాడు. తరువాత వరస తేల్చాడు.

హెడ్మాస్టరుగారు అందరికంటే ముందు. ఆయన వెనుక మోకాళ్ల నొప్పులున్న ఒక గృహిణి. ఆ వెనుక పాప, తల్లి. కుర్రాళ్లు ఆరుగురూ చివర. వారి వెనుక తమ్ముడు.

‘‘అన్నా, మేం ముందు పోతాం. ఈ నడకతో మబ్బు అయిపోద్ది’’ అని ఒక కుర్రవాడు అన్నాడు.

‘‘అయిపోతే అవనీ తమ్ముడూ. నువ్వు ముందు పోతే మాస్టారు నిన్ను అందుకోవాలని గబగబా నడుస్తారు. ఆయనకు ఆయాసం వస్తాది. ఆయన ముందుంటే నీకు ఆయాసం రాదు. అంతే తేడా.’’

కొండ నడకలో ఇది మొదటి సూత్రం. బృందం వేగం చివరివాడి వేగమే. చురుకైనవారిని ముందు వదిలితే వరస తెగిపోతుంది. తెగిన వరసలో మధ్యవాడు చీకట్లో పక్క దారి పడతాడు. ఇక్కడ పశువుల దారులు, కట్టెల దారులు, కాఫీ తోటలోకి పోయే దారులు ఒకదానినొకటి కోసుకొంటూ ఉంటాయి. రాత్రిపూట అన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి.

దీపం ముందువారి మొహం మీద వేయకూడదు, వారి మడమల దగ్గర వేయాలి. తడిసిన బండ మీద కాలు పెట్టకూడదు, పక్కన మట్టి మీద పెట్టాలి. చేతికి అందిన కొమ్మ పట్టుకొని లాగకూడదు. ప్రతి మలుపులోనూ అతడు ఆగి తలలు లెక్కించాడు. ‘‘పదహారు’’ అని వెనుక నుంచి తమ్ముడు పలికేదాకా కదలలేదు. పాపకు ఇది ఆటలా తోచింది. మూడో మలుపు నుంచి తనే లెక్కపెట్టి ముందుగా అరవడం మొదలుపెట్టింది.

సగం దారిలో ఆ పాప తల్లికే కళ్లు తిరిగాయి. ముచ్చెమటలు పట్టాయి. రాత్రి ప్రయాణం బడలికలో ఏమీ తినలేదట. పైగా చక్కెర వ్యాధికి మాత్ర వేసుకొన్నదట. పక్కనుంచి పోతున్న జనంలో ఒకరు నీళ్లు తాగించమన్నారు, ఒకరు ఇంకో నాలుగడుగులేస్తే వచ్చేస్తుందన్నారు, ఒకరు కిందకి పంపేయమన్నారు. గైడు ఎవరి మాటా వినలేదు. ఆమెను గాలి తగలని చోట రాయి మీద కూర్చోబెట్టి, తన కంబళి కప్పి, సంచిలోంచి బెల్లం ముక్క తీసి నోట్లో పెట్టుకోమన్నాడు. ప్రతి నడకకూ బెల్లం తప్పనిసరి అని తరువాత చెప్పాడు. పది నిమిషాలకు తేరుకొన్నది. కుర్రాళ్లు గడియారాలు చూసుకొంటూనే ఉన్నారు. పదహారుమందీ ఆగారు. ఒంటరిగా ఎవరినీ దింపకూడదు, ఒంటరిగా ఎవరినీ వదలకూడదు. ఇది రెండో సూత్రం. దీని మీద అతడు బేరానికి రాడు.

ఇటువంటి జాగ్రత్త అందరూ తీసుకొంటున్నారని చెప్పలేం. సీజనులో గైడు లేకుండా గుంపు వెంట గుంపుగా ఎక్కిపోతున్నవారే ఎక్కువ. జనం ఉన్నారు గదా, భయమేమిటని వారి ధీమా. కాలు మడతపడినప్పుడు గాని, ఊపిరి అందనప్పుడు గాని ఆ జనంలో ఆగేది ఎవరో తెలియదు. తెల్లవారుజామున చలికి విరుగుడని జీలుగు కల్లు పుచ్చుకొని ఎక్కేవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు. జీలుగు కల్లు ఈ కాలంలో మన్యానికి దొరికే తీయటి వరం. అయితే దానిని తాగవలసిన చోటు ఇంటి అరుగు, కొండ అంచు కాదు.

ఎర్రపండు ముట్టవద్దు

దారి కాఫీ తోటల అంచున సాగుతుంది. పాడేరు మన్యంలో 2 లక్షల ఎకరాలకు పైగా కాఫీ ఉన్నది. ఎక్కువ భాగం గిరిజన రైతుల చిన్న చిన్న కమతాలే. పొడవాటి సిల్వర్ ఓక్ చెట్ల నీడన మొక్కలు, ఆ చెట్లకే మిరియాల తీగలు. ‘అరకు వ్యాలీ అరబికా’ పేరుతో 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పట్నంలో ఒక కప్పుకు చెల్లించే సొమ్ము తలచుకొంటే ఈ చెట్ల దగ్గర తల వంచి నడవవలసి వస్తుంది.

పండు కోత సరిగ్గా చలికాలంలోనే. నవంబరు నుంచి సంక్రాంతి దాటేదాకా. అంటే జనం వచ్చే రోజులూ, తోటలో చేతులు కావలసిన రోజులూ ఒకటే. మగవాడు కొండ మీదకు దారి చూపిస్తుంటే ఆ ఉదయం పండు కోసేది ఇల్లాలు. గైడు కూలి అంటే ఒకరి కూలి అని అనుకోవడం పొరపాటు. అతడు తోట పని వదిలి వస్తున్నాడు. ఆ పని మరొకరి నడుం మీద పడుతున్నది.

టార్చి వెలుగులో ఎర్రగా మెరిసిన పండ్లు చూసి ఒక కుర్రవాడు గుప్పెడు తెంపబోయాడు. అప్పటిదాకా నెమ్మదిగా మాట్లాడిన గైడు గట్టిగా అరిచాడు. ‘‘ముట్టొద్దు! జేబులో వేసుకొని ఇంకో తోటలో పారేస్తే పురుగు అక్కడికీ పోతాది.’’

ఇది ఉత్త భయం కాదు. 2025లో అరకు ప్రాంతపు తోటల్లో కాఫీ పండును తొలిచే పురుగు కనిపించింది. ఈ పురుగు గింజలోనే గుడ్లు పెట్టి లోపలే పెరుగుతుంది. పండు చూడటానికి బాగానే ఉంటుంది, లోపల గింజ పొడి అవుతుంది. పురుగు పట్టిన పండ్లను ఏరి నాశనం చేయడం, పండును ఒక చోటి నుంచి మరో చోటికి తరలించకుండా కట్టడి చేయడం తప్ప మరో దగ్గర దారి లేదు. అటువంటప్పుడు రోజుకు వందల మంది తోటల గుండా తిరుగుతూ, తెంపుతూ, పారేస్తూ పోతుంటే రైతు గుండె ఎలా ఉంటుందో ఊహించవచ్చు. కుర్రవాడు పండ్లు కింద పడేయబోతే అవి కూడా పడనివ్వలేదు. కోసిన చెట్టు మొదట్లోనే పెట్టించాడు.

మబ్బుకు బదులు

ఆరు గంటలకు పై బోడి చేరుకొన్నారు. తూర్పు తెల్లబడుతున్నది. అంచు వెంట జనం నిలబడి సెల్‌ఫోన్లు పైకెత్తి పట్టుకొన్నారు. ఆరున్నరకు పొద్దు పొడవాలి. పైమబ్బులో ఎర్రటి చార ఒకటి కనిపించి మాసిపోయింది. లోయలో పాలు పొంగలేదు. అక్కడక్కడా పల్చగా నాలుగు పాయలు తేలి, గాలికి చెదిరిపోయాయి. కింద ఊళ్లు, పొలాలు, మెలికలు తిరిగిన రోడ్డు ఉన్నవి ఉన్నట్టు కనిపించాయి.

‘‘ఇందుకా మూడు గంటలకు లేపారు!’’ అని ఎవరో అన్నారు. ఆ మాట చుట్టుపక్కల నాలుగైదు గుంపుల్లోనూ వినిపించింది. ఎవరి గైడును వారు తప్పు చేసినవాడిలా చూశారు.

అప్పుడే చిన్న అలజడి పుట్టింది. మబ్బు లేకపోతే మానె, అంచు మీద ఫొటో అయినా తీసుకొందామని ఇద్దరు కుర్రాళ్లు తాడులా సన్నగా ముందుకు సాగిన బండ మీదకు దిగారు. మంచుకు బండ తడిసి ఉన్నది. దాని మీద నాచు. గైడు పరుగెత్తలేదు. పరుగెత్తితే వారు బెదిరి వెనక్కి తిరుగుతారు, తిరగడంలోనే కాలు జారుతుంది. ఉన్నచోటనే కూర్చోమని నెమ్మదిగా చెప్పాడు. కూర్చున్నారు. కూర్చున్నట్టే వెనక్కి జరగమన్నాడు. జరిగారు. ఒకడి ప్యాంటు వెనుక చిరిగింది. అంతకు మించి ఏమీ కాలేదు. ఆ తరువాత చాలాసేపు ఆ ఇద్దరూ మాట్లాడలేదు.

హెడ్మాస్టరుగారు మాత్రం సంతోషంగా కనిపించారు. మబ్బు లేదు గనుకనే ఆయన గైడును పక్కన నిలబెట్టుకొని ఏ కొండ ఏదో అడిగి తెలుసుకొన్నారు. మబ్బు ఉన్న రోజున ఈ ప్రశ్న ఎవరూ అడగరట. హుకుంపేట వైపు అర్మకొండ, 1,680 మీటర్లు, తూర్పు కనుమల్లో ఎత్తయిన శిఖరాలలో ఒకటి. దిగువ వాలులో పచ్చటి చాపలు పరిచినట్టున్నవి వలిసె పూలు, నూనెగింజల పంట. అక్కడక్కడా గోధుమ రంగు మడులు కోసిన చోళ్లు. పోడు పోయి కాఫీ వచ్చిన వాలు, కాఫీ పోయి ఖాళీగా మిగిలిన వాలు. చూడవలసిన దానిని మబ్బు కప్పేస్తుందని, ఇన్నాళ్లూ జనం ఆ కప్పును చూడటానికే వస్తున్నారని ఆయన చమత్కరించారు. కుర్రాళ్లలో ఇద్దరు వచ్చి వినడం మొదలుపెట్టారు.

ఏడున్నరకు పైమబ్బు విరిగి ఎండ పడింది. పాప గడ్డి మీద సాలీడు గూళ్లకు పట్టిన మంచు బొట్లు లెక్కపెడుతూ కూర్చున్నది.

సీసాల లెక్క

దిగడం ఎక్కడం కన్నా కష్టం. మోకాళ్ల మీద బరువు పడుతుంది, నిద్రలేమి అప్పుడు తెలుస్తుంది, పని అయిపోయిందన్న నిర్లక్ష్యం వస్తుంది. దిగేటప్పుడే ఎక్కువ మంది పడతారని గైడు అనుభవం. అడ్డంగా కాలు పెట్టి చిన్న అడుగులు వేయించాడు.

సగం దిగాక ఆపి సీసాలు తీయమన్నాడు. ఇరవై రెండు ఉండాలి, పందొమ్మిదే ఉన్నాయి. చిప్సు పొట్లాలు రెండు తక్కువ. ఎవరూ ఒప్పుకోలేదు. అతడు కోప్పడలేదు. చీటీ చూపించాడు. అంచు దగ్గర రాళ్ల సందులో పెట్టామని చివరకు ఇద్దరు చెప్పారు. తమ్ముడు మళ్లీ పైకి వెళ్లి, మూడు అడిగితే సంచి నిండా తెచ్చాడు. మిగిలినవి ఎవరివో.

కొండ మీద ప్లాస్టిక్ ఈ నాలుగైదేళ్లలో పెద్ద సమస్య అయింది. స్వచ్ఛంద సేవకులు, కుర్రాళ్లు అప్పుడప్పుడు గోనెలతో ఏరి దించుతున్నారు. సీజను వచ్చేసరికి మళ్లీ మామూలే. కొండ మీద నుంచి జారిన కవరు వానకాలంలో గెడ్డలోకి చేరుతుంది. గెడ్డ నీళ్లు తాగేది కింది ఊరు, ఆ ఊరి పశువులు. మబ్బు చూసి వెళ్లినవారికి ఈ వరస తెలియకపోవడంలో వింత లేదు. చెప్పేవారు లేకపోతే ఎలా తెలుస్తుంది?

బండి దగ్గర చోడి అంబలి తాగారు. కొందరు బొంగు చికెన్‌కు పురమాయించారు. అప్పుడు లెక్కల ప్రస్తావన వచ్చింది. ఒక బ్యాంకు ఉద్యోగి, చదువుకొన్న మనిషే, మాట్లాడుకొన్న సొమ్ములో మూడో వంతు తగ్గించుకోమన్నాడు. మబ్బు రాలేదు గదా అన్నాడు. గైడు నేల చూశాడు. ముందురోజే చెప్పాను గదండీ అని మాత్రం అన్నాడు.

ఇది ఈ ఒక్క బృందం సంగతి కాదు. మబ్బు రాని రోజుల్లో దాదాపు ప్రతివారికీ ఇదే ఎదురవుతున్నదని దారి చూపేవారు చెబుతున్నారు. మబ్బు వచ్చిన రోజు ఎవరూ అదనంగా ఇవ్వరు, రాని రోజు మాత్రం కోస్తారు. డాక్టరుకు రోగం తగ్గకపోయినా ఫీజు ఇస్తారు. సినిమా నచ్చకపోతే టికెట్ డబ్బు తిరిగి ఇవ్వమని అడిగినవాడు లేడు. కొండ మీద నడిపించిన మనిషి దగ్గరకు వచ్చేసరికి లెక్క మారిపోతున్నది. ఒక మనిషిని కళ్లు తిరిగి పడిపోకుండా కాచినదానికీ, ఇద్దరు కుర్రాళ్లను బండ మీద నుంచి వెనక్కి జరిపినదానికీ ఖరీదు కట్టేవారు కనిపించరు.

మన్యంలో చెమటకు తక్కువ కట్టడం పాత సంగతే. గూడెం డిప్యూటీ తాశీల్దారు బాస్టియన్ అడవిలో రోడ్డు వేయించి గిరిజనులకు చాలీచాలని కూలి విదిల్చడం అల్లూరి తిరుగుబాటుకు కారణాలలో ఒకటని చరిత్రకారులు రాశారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో ఆ పోరు మొదలైంది. ఒక ఉదయపు నడక కూలికి ఆ చరిత్రను ముడిపెట్టడం అతిశయోక్తే. అయితే ఆ జిల్లాకు ఆయన పేరు పెట్టుకొన్నాక కూలి మాట వచ్చినప్పుడల్లా గుర్తుకు రాక మానదు.

చివరకు హెడ్మాస్టరుగారు కలుగజేసుకొన్నారు. మాట ప్రకారం మొత్తం ఇప్పించారు. అందరి మొహాలూ అంత ప్రసన్నంగా లేవు. పాప తల్లి విడిగా మరో నోటు ఇవ్వబోతే అతడు తీసుకోలేదు. బెల్లానికి డబ్బేమిటమ్మా అన్నాడు.

దీనికి విరుగుడుగా కొందరు కుర్రాళ్లు కొత్త పద్ధతి మొదలుపెట్టారు. సగం సొమ్ము ముందురోజు సాయంత్రమే తీసుకొంటున్నారు. మబ్బు తమ చేతిలో లేదని, నడిపించడం వరకే తమ పూచీ అని అప్పుడే చెబుతున్నారు. కొంత బేరం పోతున్నది. మబ్బు గ్యారంటీ అని చెప్పే పాడేరు దళారుల దగ్గరకు జనం పోతున్నారు. ఆ దళారులు తిరిగి ఈ కుర్రాళ్లనే తక్కువకు పిలుస్తున్నారు. ప్రవేశ రుసుము తీసుకొనే చోటే గైడు రేటు బోర్డు మీద రాసిపెట్టి, వంతుల వారీగా ఊరి వారినే పంపితే ఈ తంటా ఉండదని అడుగుతున్నారు. కొండ కింద భూమి 1/70 చట్టం వల్ల పరాయివారి పేరుకు మారకుండా నిలిచింది. కొండ మీద పని కూడా ఊరివారికే నిలవాలని వారు కోరడంలో అన్యాయం కనిపించదు. అధికారులు ఈ సీజను ముగిసేలోగా గ్రామసభ పెట్టి తేల్చితే వచ్చే కార్తీకానికి అక్కరకు వస్తుంది.

వెళ్లదలచినవారు విశాఖపట్నం నుంచి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు రావచ్చు. మాడుగులలో హల్వా కొనుక్కొని ఆ పైన ఘాటురోడ్డు ఎక్కుతారు. ఆ రోడ్డును తేలిక చేయవద్దు. 2023 ఆగస్టులో ఒక బస్సు లోయలో పడి ఇద్దరు మరణించారు. మంచు కురిసే వేళ రాత్రి ప్రయాణం పెట్టుకోకుండా చీకటి పడకముందే పాడేరు చేరి పడుకోవాలి. చెవులు కప్పే టోపీ, పట్టు ఉన్న బూట్లు, చేతి దీపం, కొద్దిగా తిండి తెచ్చుకోవాలి. చక్కెర వ్యాధి, ఉబ్బసం ఉన్నవారు ముందుగానే గైడుకు చెప్పాలి, దాచవద్దు. ఊరి వాడినే మాట్లాడుకోవాలి. సాయంత్రం ఊళ్లో పొగ ఎటు పోతున్నదో అతణ్ణి అడగాలి. పడదని చెబితే మరునాడు ఇంకో గంట ఎక్కువ నిద్రపోయి, పొద్దెక్కాక నింపాదిగా ఎక్కవచ్చు. ఆ వేళ కొండ మీద జనం ఉండరు.